పురుగుమందులు, రొమ్ము కాన్సర్

పొలాలలో వాడే రసాయనాలకు, వంశపారంపర్యంగా సంక్రమించే జన్యువులకు, రొమ్ము కాన్సర్‌కు గల సంబంధం గురించి 1990ల నుండి విస్తృతంగా పరిశోధనలు జరుగుతున్నాయి. భారతదేశపు స్త్రీలలో ఎక్కువగా కనిపించే కాన్సర్ ఇదే. పశ్చిమ గోదావరి జిల్లాలోని ఉండి, ఆకివీడు మొదలుకొని ఏలూరు జిల్లాలోని కొల్లేరు గ్రామాల వరకు వరి, చేపల చెరువులే ప్రధాన జీవనాధారం కాబట్టి, ఈ విషయం ఇక్కడివారికి ముఖ్యమైనది.

డెల్టాలో పరిస్థితి

మందు పిచికారీ సాధారణంగా పురుషులు చేస్తారు. ఊడ్పులు, కలుపుతీత ఎక్కువగా స్త్రీల పని. మందు చల్లిన చేలో దిగడం, మందు పడిన బట్టలు ఉతకడం వలన వారికి కూడా రసాయనాలు సోకుతాయి. పొలాల మురుగునీరు కాలువల ద్వారా కొల్లేరు చేరి, ఉప్పుటేరు మీదుగా బంగాళాఖాతంలో కలుస్తుంది. 2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా మూర్ఛ, వాంతులతో అస్వస్థులయ్యారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. నీటిలోని పురుగుమందుల అవశేషాలు కారణం కావచ్చునని దర్యాప్తులో భావించారు. అయితే అది హఠాత్తుగా కలిగిన విషప్రభావం. కాన్సర్ ఏర్పడడానికి సంవత్సరాలు పడుతుంది.

పరిశోధనల ఫలితాలు

* అమెరికాలోని లాంగ్ ఐలాండ్‌లో జరిగిన అధ్యయనంలో (2002) రక్తంలోని డి.డి.టి. అవశేషాలకు, ఈ వ్యాధికి సంబంధం కనబడలేదు.
* కాలిఫోర్నియాలో 1959-67 మధ్య సేకరించిన రక్త నమూనాల ఆధారంగా 2007లో వెలువడిన అధ్యయనం ప్రకారం, 14 ఏళ్ళ లోపే డి.డి.టి. ఎక్కువగా సోకిన స్త్రీలలో ముప్పు సుమారు 5 రెట్లు ఉంది. గర్భంలో ఉన్నప్పుడు సోకినవారిలోనూ ముప్పు పెరిగినట్లు 2015లో తేలింది.

అనగా ఎంత సోకింది అన్నదే కాక, ఏ వయసులో సోకింది అన్నది కూడా ముఖ్యం. భారతదేశంలో వ్యవసాయానికి డి.డి.టి. వాడకాన్ని 1989లో నిషేధించారు. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు నిషేధించింది.

జన్యువుల పాత్ర

రొమ్ము కాన్సర్లలో 5 నుండి 10 శాతం మాత్రమే వంశపారంపర్యమైనవి. వీటిలో ముఖ్యమైనవి బి.ఆర్.సి.ఎ.1, బి.ఆర్.సి.ఎ.2 జన్యువులలోని లోపాలు. ఈ లోపం తల్లి నుండే కాక తండ్రి నుండి కూడా బిడ్డకు రావచ్చు. కనుక కుటుంబ చరిత్ర చెప్పేటపుడు తల్లి, పినతల్లులతో పాటు మేనత్తలను, నాయనమ్మను కూడా లెక్కించాలి. పి.ఒ.ఎన్.1 అనే మరొక జన్యువు కొన్ని ఆర్గానోఫాస్ఫేట్ మందులను శరీరంలో విరగగొట్టే ఎంజైమును తయారుచేస్తుంది. దాని పనితీరు అందరిలో ఒకేలా ఉండదు. అందువలన ఒకే చేలో పనిచేసిన ఇద్దరిపై మందు ప్రభావం ఒకే విధంగా ఉండకపోవచ్చు. అంతమాత్రాన రొమ్ము కాన్సర్‌కు ఈ తేడాయే కారణమని రుజువు కాలేదు.

జాగ్రత్తలు

మందు డబ్బాపై సూచించిన గడువు ముగిసేవరకు చేలో దిగరాదు. మందు పడిన బట్టలను విడిగా ఉతకాలి. గర్భిణులను, బాలికలను మందుకు దూరంగా ఉంచాలి. ఖాళీ డబ్బాలను ఇంటి అవసరాలకు వాడరాదు.

వ్యాధిని తొలిదశలో గుర్తిస్తే ప్రాణాపాయం తగ్గుతుంది. ముంబైలో 1998లో మొదలైన టాటా స్మారక కేంద్రం అధ్యయనంలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకొకసారి చేతితో పరీక్షించారు. దీనివలన 50 ఏళ్ళు, ఆ పైబడిన స్త్రీలలో ఈ వ్యాధి మరణాలు సుమారు 30 శాతం తగ్గినట్లు 2021లో ప్రకటించారు. రొమ్ములో నొప్పి లేని గడ్డ కనిపించినా వైద్యునికి చూపించుకోవాలి.