మెస్సీనాలో గులాబీ ముల్లు

1882 చివర్లో సిసిలీ దీవిలోని మెస్సీనా ఊళ్లో సర్కస్ దిగింది. కోతుల విద్యలు చూడ్డానికి ఇల్లంతా కదిలింది. ఇంట్లో మిగిలింది జీవశాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్, ఆయన సూక్ష్మదర్శిని. దాని కింద నీళ్లంత పారదర్శకమైన నక్షత్రచేప లార్వా, ఆ ఒంట్లో అటూ ఇటూ పాకే కణాలు. కాల్లో ముల్లు దిగితే చుట్టూ చీము చేరుతుంది కదా, ఈ కణాలూ అలాగే కమ్ముకుంటాయా? పెరట్లోంచి గులాబీ ముళ్లు తెచ్చి లార్వాల చర్మం కింద గుచ్చారు. ఆ రాత్రి ఆయనకు కంటిమీద కునుకు లేదు. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి.

మన రక్తంలో ఇలాంటి పని చేసే తెల్లకణాలు క్రిములను ఒళ్లంతా మోసుకెళ్తాయని చాలామంది వైద్యులు నమ్ముతున్న కాలమది. వాటిని కాపలాదారులుగా నిలబెట్టిన మెచ్నికోవ్‌కు 1908లో పాల్ ఎర్లిక్‌తో పాటు నోబెల్ వచ్చింది.

మరి పోరు మొదలెట్టిన కణాలు ఎప్పుడు ఆగాలి? సెప్సిస్‌లో ప్రాణం ఈ ప్రశ్న దగ్గరే వేలాడుతుంది. క్రిముల మీద లేచిన పోరు అదుపు తప్పి రక్తపోటు పడిపోతుంది, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. 1985లో న్యూయార్క్‌లో బ్రూస్ బ్యూట్లర్ బృందం, క్రిములను మింగే మాక్రోఫేజ్ కణాలు విడుదల చేసే టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్‌ను ముందుగానే అడ్డుకుని చిట్టెలుకలను బాక్టీరియా విషం నుంచి కాపాడింది. ఎన్నో ఆశలు రేగాయి. 1990లలో రోగుల మీద పరీక్షిస్తే ఆ ఫలితం కనబడలేదు. చిట్టెలుకకు విషానికి ముందే మందిచ్చారు. మనిషి ఆస్పత్రికి చేరేది మంట అంటుకున్నాకే. పైగా క్రిములతో పోరాడాలంటే ఆ టీఎన్ఎఫ్ ఒంటికి కావాలి కూడా.

మంటను ఆర్పే పని శరీరంలోనే జరుగుతోంది. పని ముగించి చనిపోతున్న న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలను మాక్రోఫేజ్‌లు మింగడాన్ని మెచ్నికోవ్ 1891 నాటికే గమనించారు. దాదాపు వందేళ్లు ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోకపోవడం బాధాకరం. 1989లో జాన్ సావిల్ బృందం ఆ దారి మళ్లీ పట్టింది. 1998లో వేలరీ ఫాడోక్ బృందం అసలు కిటుకు చూపింది: అలా మింగిన మాక్రోఫేజ్ టీఎన్ఎఫ్ తగ్గించి, మంటను చల్లార్చే టీజీఎఫ్-బీటా అనే ప్రోటీన్‌ను వదులుతుంది. ఈలోగా 1995లో జపాన్‌లో షిమోన్ సకగుచి తోటి రోగనిరోధక కణాలను నిగ్రహించే టీ కణాలను గుర్తించారు; 2025 నోబెల్‌లో ఆయనకు భాగం దక్కింది.

ఈ నిగ్రహం కూడా శ్రుతి మించవచ్చు. సెప్సిస్ తొలి రోజులు గట్టెక్కిన కొందరిలో మోనోసైట్లనే తెల్లకణాల మీద హెచ్ఎల్ఏ-డీఆర్ అనే గుర్తు తగ్గిపోయి, మామూలుగా హాని చేయని క్రిములు సైతం రెండో ఇన్ఫెక్షన్‌గా దిగుతాయి. అందుకే ఇప్పుడు పరిశోధకులు మంచం పక్కన ఆ గుర్తును కొలిచి చూస్తున్నారు, ఈ రోగికి మంట ఆర్పాలా, రాజేయాలా అని.