బందరు: ఒక చిన్న నగరపు కథ

చిన్న నగరమున బ్రతుకు ఎట్లుండునని అడిగినవారికి మేము బందరును చూపుదుము. విజయవాడనుండి దాదాపు 70 కిలోమీటర్లు. కోనేరు సెంటరులో అరగంట నిలిచినచో నలుగురైనను పలుకరింతురు. "ఎవరి తాలూకు?" అను ప్రశ్నకు జవాబు చెప్పినగాని కొత్తవానికి దారి దొరకదు. ఇట్టి ఊరు ఒకప్పుడు సముద్రములకు ఆవల పేరొందినదని చెప్పిన, పిల్లలు నవ్వుదురు. పేటల పేర్లే అందుకు సాక్ష్యము. వలందపాలెము వలందావారిది, అనగా డచ్చివారిది. పరాసుపేట ఫ్రెంచివారిది. ఇంగ్లీషుపాలెము మాట చెప్పనే అక్కరలేదు. ఆటోలు నడుపువారు ఈ పేర్లను దినమునకు పదిమార్లు పిలుచుచునే యున్నారు.

గోలకొండ సుల్తానుల కాలమున ఇది ఆ రాజ్యమునకు ముఖ్యమైన రేవు. డచ్చివారి వెనుక, 1611లో గ్లోబు అను ఓడపై ఆంగ్లేయులు వచ్చి వర్తకశాల నెలకొల్పిరి. ఇచ్చటి అద్దకపు బట్టలు పారశీకమునకును, తూర్పు దీవులకును పోవుచుండెను. ఒక విశేషము గమనింపదగినది. ఆ తొలిదినములలో వర్తకశాలకు అధిపతిగా నుండిన విలియం మెథోల్డు బందరును చిన్న ఊరుగానే వర్ణించెను. జనము మెండు, ప్రాకారము లేదు, ఇండ్ల కట్టడము బాగులేదు, నీరు ఉప్పన అని వ్రాసెను. పూర్వము మహానగరమనియు, నేడు చితికినదనియు నిట్టూర్చువారు ఈ మాట చదువవలెను. వైభవపు దినములందును బందరు చిన్నదే.

1750లో ఫ్రెంచివారికిని, 1759లో కర్నలు ఫోర్డు ముట్టడితో ఆంగ్లేయులకును ఊరు చిక్కెను. ఆ యుద్ధముల కథ ఇప్పుడు వలదు. రేవు మేటవేయుటచేతను, సీమ మరబట్టల పోటీచేతను వర్తకము సన్నగిల్లెను. అంతలో 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన వచ్చి, దాదాపు 30,000 మందిని పొట్టనబెట్టుకొనెను.

ఇంతటితో ఊరు ముగిసినదని ఎవరైనను తలంతురు. కాని మాకు ఆశ్చర్యమైనది తరువాతి కథయే. 1902లో కృష్ణాపత్రిక పుట్టెను. ముట్నూరి కృష్ణారావుగారు 1907 మొదలు 1945లో కన్నుమూయువరకు దానికి సంపాదకులు. 1910లో కోపల్లె హనుమంతరావుగారు మిత్రులతో కలసి ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిరి. పింగళి వెంకయ్యగారు అచ్చట బోధించినవారే. 1923లో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు లక్ష రూపాయల చెల్లించిన మూలధనముతో ఆంధ్రా బ్యాంకును తెరచిరి. పత్రిక, కళాశాల, బ్యాంకు! వైద్యుడే బ్యాంకు పెట్టెను. సంపాదకుడే కళాశాలకు అండయాయెను. హనుమంతరావు, పట్టాభి, కృష్ణారావుగార్ల మైత్రి ప్రసిద్ధము. ఒకరి గుమ్మమునుండి ఇంకొకరి గుమ్మమునకు నడచిపోగలిగిన ఊరగుటచేతనే ఇది సాధ్యమైనదని మా ఊహ. పట్టణము పెద్దదైనచో, ఆ ముగ్గురు మూడు సభలలో మూడు దండలు వేయించుకొని ఇండ్లకు పోయెడివారేమో!

అట్లని చిన్న ఊరి ఇరుకును దాచము. అచ్చట ఒకని అప్పు పదిమందికి తెలియును. ఒకని కూతురు బి.ఏ. తప్పిన సంగతి ఫలితములకంటె ముందే వీధి చేరును. పెట్టిన సంస్థలు సైతము నిలువవు. బ్యాంకు ప్రధాన కార్యాలయము హైదరాబాదు చేరెను. 2020 ఏప్రిలు 1న ఆ బ్యాంకు వేరొక బ్యాంకులో విలీనమై పేరే మాసెను. చదివిన పిల్లలును అదే దారి పట్టుచున్నారు. పండుగకు వచ్చి, తిరిగిపోవునప్పుడు తొక్కుడులడ్డు డబ్బాలు కట్టించుకొందురు. శనగపిండిని వేయించి, పొడిచేసి, బెల్లపు పాకముతో దంచి, నేయి కలిపి చేయు ఆ లడ్డు 2017లో భౌగోళిక గుర్తింపు పొందినది. (దంతములు లేనివారికిని అది పనికివచ్చునని మా అనుభవము.)

2022లో విజయవాడ వేరు జిల్లాకు కేంద్రమాయెను. తగ్గిన కృష్ణా జిల్లాకు బందరే కేంద్రముగా మిగిలెను. 2023లో క్రొత్త ఓడరేవు పనులు మొదలిడిరి. వలందపాలెమున ఒక పెద్దాయనను ఆ మాట అడిగితిమి. ఆయన అరుగుమీద కొంచెము జరిగి మాకు చోటిచ్చి, "మా తాతగారును రేవు వచ్చుననియే చెప్పెడివారండి. కూర్చోండి, కాఫీ తెమ్మందును" అనిరి.