గాలిలో సమపాలు: జంట కార్బురేటర్ల చరిత్ర

కర్నూలు జిల్లా పశ్చిమ భాగమున ఆదోని, ఎమ్మిగనూరు పట్టణములు ఒకదానికొకటి సుమారు 30 కిలోమీటర్ల దూరమున ఉన్నవి. ఆదోని పత్తి వ్యాపారమునకు, ఎమ్మిగనూరు చేనేతకు పేరుపొందినవి. మద్రాసు నుండి, బొంబాయి నుండి వచ్చిన రైలు మార్గములు 1871లో రాయచూరు వద్ద కలిసినవి. ఆదోని ఆ మార్గము మీదనే ఉన్నది. ఎమ్మిగనూరునకు మాత్రము రైలు లేదు. అందుచే 1938లో మాచాని సోమప్ప నెలకొల్పిన చేనేత సహకార సంఘపు బట్టలైనను, నల్లరేగడి చేలలో పండిన పత్తియైనను రైలును చేరవలెనన్న మొదట ఎద్దుబండి, పిమ్మట మోటారు వాహనము తప్ప వేరు గతి లేకుండెను.

బండి తోలు ప్రతివానికి తెలిసిన విషయమొకటి కలదు. జోడెద్దులు రెండును ఎంత బలిష్ఠమైనవైనను, సమముగా లాగనిచో బండి సాగదు. ‘ఎద్దు ఎండకు లాగితే దున్న నీడకు లాగినది’ అను సామెత అట్లు పుట్టినదే. మోటారు ఇంజనుకు ఒకటికి మారుగా రెండు మూడు కార్బురేటర్లను అమర్చిననాడు ఇంజనీర్లకు సరిగా ఈ చిక్కే ఎదురయ్యెను. దానిని విప్పుటకు మొదట చెవియు, తరువాత కొలతయు ఎట్లు సాయపడెనో చూతము.

కార్బురేటరు చేయు పని

పెట్రోలు తనంతట తాను ఇంజనులో మండజాలదు. ఒక కిలోగ్రాము పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోగ్రాముల గాలి కావలెను. ఘనపరిమాణమున చెప్పవలెనన్న, ఒక లీటరు పెట్రోలుకు ఇంచుమించు 9,000 లీటర్ల గాలి! ఈ పాళ్ళను క్షణక్షణము కలిపి సిలిండర్లకు అందించునదే కార్బురేటరు. పెట్రోలు పాలు ఎక్కువైనచో మిశ్రమము చిక్కనై, పొగగొట్టము నుండి నల్లని పొగ వచ్చును. ఇంధనము వృథా యగును. తక్కువైనచో మిశ్రమము పలుచనై నెమ్మదిగా మండును; సిలిండరు మితిమీరి వేడెక్కి, కొంతకాలమునకు పొగ విడుచు వాల్వు అంచులు కాలిపోవును.

దీని వెనుకనున్న సూత్రము పాఠశాల విద్యార్థులకు పరిచితమైనదే. ప్రవాహపు వేగము పెరిగినచోట పీడనము తగ్గునని డేనియల్ బెర్నూలీ 1738లో ప్రకటించెను. నడుమ సన్నగిల్లిన గొట్టములలో ప్రవాహపు తీరును ఇటలీ దేశీయుడు వెంతూరి 1797లో వివరించెను. దోమల మందు చల్లు ఫ్లిట్ పంపులో జరుగునది ఇదియే. వేగముగా పోవు గాలి సన్నని గొట్టపు మూతి వద్ద పీడనమును తగ్గించి, క్రిందనున్న ద్రవమును పైకి రప్పించి తుంపరలుగా చేయును. కార్బురేటరులో ఆ గాలిని నెట్టువారు లేరు. క్రిందికి దిగు పిస్టనే దానిని లోనికి పీల్చుకొనును.

ఆవిరి పెట్టె నుండి తుంపర గొట్టమునకు

1886లో పేటెంటు పొందిన కార్ల్ బెంజ్ మూడు చక్రముల బండిలో తుంపర లేదు. ఒక పెట్టెలో నింపిన తేలిక నూనె పైభాగము నుండి లేచు ఆవిరిని గాలి మోసికొనిపోయెడిది. ఎండ, చలి, కుదుపు వీనిలో ఏది మారినను ఆవిరి పాలు మారెడిది. 1893లో బుడాపెస్టు నగరమున డోనాట్ బాంకి, యానోష్ చోంకా అను ఇరువురు, జర్మనీలో విల్హెల్మ్ మేబాక్, తుంపర చిమ్ము కార్బురేటర్లను వేర్వేరుగా రూపొందించిరి. పూలమ్ము బాలిక ఒకతె నోటితో గొట్టము ఊది పూలపై నీరు చల్లుట చూచి హంగేరీ ఇంజనీర్లకు ఈ ఊహ తట్టినదని ఒక కథ చెప్పుదురు.

అయినను ఒక లోపము మిగిలెను. గొట్టపు వెడల్పు ఎల్లప్పుడు ఒకే తీరుగా నున్నచో, ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు గాలి వేగము చాలదు. వేగముగా తిరుగునపుడు పెట్రోలు పాలు మితిమీరును. ఇంగ్లండులో జార్జి హెర్బర్టు స్కిన్నరు 1904 ప్రాంతమున దీనికొక చక్కని ఉపాయము పన్నెను. స్కిన్నర్లది చెప్పుల వ్యాపారము చేయు కుటుంబము. ఆయన కమ్మరి కొలిమితిత్తిని పోలిన చిన్న తోలుతిత్తిని కార్బురేటరుపై అమర్చెను. ఇంజను పీల్పు హెచ్చినపుడు తిత్తి పైకి ముడుచుకొని గాలి దారిని వెడల్పు చేయును. తగ్గినపుడు దిగి దారిని ఇరుకు చేయును. దానితోపాటు కదలు మొనదేలిన సూది పెట్రోలు రంధ్రమును కూడ అదే పాళ్ళలో తెరచును. దారి మారును గాని గాలి వేగము ఇంచుమించు మారదు. తరువాత తోలుతిత్తి స్థానమున లోహపు పిస్టను వచ్చెను. ఇదియే ‘ఎస్.యు.’ కార్బురేటరు. మన దేశపు అంబాసిడరు కారులో దశాబ్దముల తరబడి పనిచేసినది ఈ జాతిదే.

బొగ్గుతో నడచిన బస్సులు

గాలి పాళ్ళ విలువను మన జనులకు బాగుగా బోధించినది రెండవ ప్రపంచ యుద్ధము. పెట్రోలుపై నియంత్రణ వచ్చుటతో మద్రాసు రాజధానిలో అనేక బస్సులకు వెనుక బొగ్గుకుంపటి అమర్చబడెను. నాడు ఆదోని తాలూకా ఆ రాజధానిలోని బళ్ళారి జిల్లాలో ఉండెను. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్ర మేర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో చేరెను. ఎర్రగా కాలుచున్న బొగ్గుపై పరిమితముగా గాలి పంపినచో కార్బన్ మోనాక్సైడు కలసిన వాయువు పుట్టును. పెట్రోలు ఆవిరి తనకు యాభైరెట్లకు పైగా ఘనపరిమాణము గల గాలిని కోరగా, ఈ వాయువునకు దాదాపు సమానమైన గాలి చాలును. కనుక కార్బురేటరునకు మారుగా ఒక గాలి వాల్వు ఉండెడిది. దానిని డ్రైవరే చేతితో త్రిప్పుచు సరిచేయవలసివచ్చెడిది. ఇంజను మ్రోత విని పాళ్ళను గుర్తించు విద్య అనేకులకు అట్లు అలవడెను.

ఒకటి చాలక రెండు

నాలుగు లేక ఆరు సిలిండర్లు వరుసగా నున్న ఇంజనుకు నడుమ ఒకే కార్బురేటరును పెట్టినచో రెండు నష్టములు కలుగును. మొదటిది, ఒకే ఇరుకు మార్గమున గాలి అంతయు పోలేక గరిష్ఠ శక్తి తగ్గుట. రెండవది, తుంపర కొంత గొట్టపు గోడలకంటి తడిపొరగా ప్రాకుట. దగ్గరి సిలిండర్లకు ఒక పాలు, దూరపు సిలిండర్లకు మరొక పాలు పెట్రోలు చేరును. పందెపు కార్లు తయారుచేయువారు ఇందుకు మందుగా కార్బురేటర్ల సంఖ్యను పెంచిరి.

1945లో వచ్చిన ఎమ్.జి. టి.సి. కారు ఇంజను పరిమాణము 1,250 ఘనపు సెంటీమీటర్లే యైనను దానికి రెండు ఎస్.యు. కార్బురేటర్లుండెను. 1948లో లండను ప్రదర్శనమున కనుపించిన జాగ్వార్ ఎక్స్.కె. 120లో ఆరు సిలిండర్లకు రెండు. అదే సంస్థ 1961లో తెచ్చిన ఇ-టైపులో మూడు. ఇటలీలో ఎడోర్డో వెబర్ బొలోనా నగరమున 1923లో స్థాపించిన సంస్థ, ఒకే దేహమున రెండు గాలిదారులు గల కార్బురేటర్లకు పేరుపొందెను. 1962 నాటి ఫెరారీ 250 జి.టి.ఓ.లో అట్టివి ఆరు. అనగా పన్నెండు సిలిండర్లకు పన్నెండు దారులు!

మన దేశమున ఇట్టి కార్లు అరుదు. జంట కార్బురేటర్లు ఇక్కడ సామాన్యుల కంటబడినది 1983లో విడుదలైన రాజ్‌దూత్ 350 మోటారు సైకిలులోనే. దాని రెండు సిలిండర్లకు చెరియొక కార్బురేటరు. హ్యాండిలు పిడినుండి వచ్చు తీగ నడుమ చీలి రెండింటిని లాగును. ఒక తీగ వెంట్రుకవాసి వదులైనను ఒక సిలిండరు ముందు, రెండవది వెనుక పడును.

ముందు గాలి, తరువాత పెట్రోలు

జంట కార్బురేటర్లను పొత్తు కుదుర్చుటలో ఒక క్రమము కలదు. ఆ క్రమము తప్పినచో ఎంత నేర్పరియైన మేస్త్రీకిని పని కుదరదు.

ముందుగా కార్బురేటరును తాకరాదు. వాల్వుల సందు, స్పార్కు ప్లగ్గులు, నిప్పురవ్వ పడు సమయము సరిగా నున్నవా, గొట్టముల అతుకులలో గాలి దూరుచున్నదా అని చూడవలెను. కార్బురేటరుపై మోపబడు నేరములలో అనేకము నిజమునకు వీనివే. తరువాత ఇంజనును బాగుగా వేడెక్కనిచ్చి, రెండు కార్బురేటర్లను కలుపు కడ్డీని వదులుచేసి, దేనికదిగా విడదీయవలెను.

రెండవ మెట్టు గాలి. రబ్బరు గొట్టపు ఒక కొనను చెవి వద్ద, రెండవ కొనను కార్బురేటరు మూతి వద్ద ఉంచినచో ‘స్స్’ అను శబ్దము వినబడును. రెండు మూతుల వద్దను ఆ శబ్దము ఒకే తీరుగా వచ్చువరకు గాలి బిళ్ళ మరలను త్రిప్పుదురు. అయితే చెవికి హద్దు కలదు. అలసిన చెవి, షెడ్డులోని రొద, మేస్త్రీ వయస్సు అన్నియు లెక్కలోనికి వచ్చును. అందుచే గాలి వేగముతో గాజు గొట్టములో పైకి లేచు చిన్న గుండును, పీల్పును చూపు పాదరసపు స్తంభములను వాడుట వచ్చెను. 1643లో టారిసెల్లీ వాయుపీడనమును కొలిచిన పాదరసమే ఇక్కడ రెండు గొట్టములలో ప్రక్కప్రక్కన నిలిచి, మట్టములు సమమైననాడు పొత్తు కుదిరినదని సాక్ష్యమిచ్చును.

మూడవ మెట్టు పెట్రోలు. ఎస్.యు. కార్బురేటరులోని పిస్టనును ఇంచుమించు 0.8 మిల్లీమీటరు మేర పైకెత్తి చూతురు. ఇంజను వేగము పెరిగి అట్లే నిలిచినచో మిశ్రమము చిక్కన. తగ్గి ఆగబోయినచో పలుచన. ఒక్క క్షణము స్వల్పముగా పెరిగి వెంటనే యథాస్థితికి వచ్చినచో సరి. జెట్టు క్రిందనున్న ఆరుపలకల మరను ఒక్కొక్క పలక మేర త్రిప్పుచు దీనిని సాధింతురు. పెట్రోలు మార్చినచో వేగము మారును గనుక గాలిని మరల ఒకసారి సరిచూడవలెను. చివరకు కడ్డీని బిగించి, ఆక్సిలరేటరు త్రొక్కగానే రెండును ఒకే క్షణమున తెరచుకొనుచున్నవా అని పరీక్షింపవలెను.

గాలిని సరిచేయక ముందే పెట్రోలును మార్చువాడు ఒక తప్పును మరొక తప్పుతో కప్పును. ఇంజను కొంతసేపు నున్నగా తిరిగినట్లే తోచును. కాని ఒక సిలిండరు చిక్కని మిశ్రమముతో మసిబారుచుండగా, వేరొకటి పలుచని మిశ్రమముతో కాలిపోవుచుండును.

ఆదోని ఎండలో ఇంగ్లీషు కారు

ఇంగ్లండులో 15 డిగ్రీల వాతావరణమున, సముద్రమట్టమునకు దగ్గరగా సరిచేసిన కారును ఆదోనికి తెచ్చినామనుకొందము. ఆదోని సముద్రమట్టమునకు సుమారు 435 మీటర్ల ఎత్తున ఉన్నది. ఆ ఎత్తు వలన వాయుపీడనము ఇంచుమించు 5 శాతము తగ్గును. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరినపుడు గాలి వ్యాకోచించి సాంద్రత మరి 8 శాతము తగ్గును. రెండును కలిసి గాలి 12, 13 శాతము పలుచబడును. మన లీటరు పెట్రోలుకు ఇక 9,000 కాక 10,000 లీటర్లకు పైబడిన గాలి కావలెను. కార్బురేటరు పీల్చు పెట్రోలు గాలి సాంద్రతతో సమముగా కాక దాని వర్గమూలమును బట్టి తగ్గును గనుక, మిశ్రమము సుమారు 7 శాతము చిక్కబడును. కారులో ఏ భాగమును చెడకున్నను మసి కనుపించుటకు కారణమిదియే. ఈ లెక్కను తరగతిలో విద్యార్థులచే చేయించవచ్చును.

కార్బురేటరు తరువాత

1954 నాటి మెర్సిడెస్ 300 ఎస్.ఎల్. కారులో పెట్రోలును పంపు ద్వారా నేరుగా చిమ్ము పద్ధతి వచ్చెను. 1967 నుండి ఎలక్ట్రానిక్ పరికరములు ఆ పనిని చేపట్టినవి. భారతదేశమున 2000 ప్రాంతమున కార్ల నుండియు, 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్ 6 నిబంధనలు వచ్చిన పిదప కొత్త మోటారు సైకిళ్ళ నుండియు కార్బురేటరు దాదాపుగా తొలగిపోయినది. పొగగొట్టములోని ఆక్సిజనును కొలుచు సెన్సారు, చెవి చేసిన పనిని నేడు క్షణమునకు పలుమార్లు చేయుచున్నది.

పాత కార్లను కాపాడుకొనువారికి మాత్రము కొత్త పరీక్ష వచ్చినది. 2025 నాటికి దేశమున పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలియుచున్నది. ఇథనాలులో ఆక్సిజను ముందే యుండుటచే కిలోగ్రామునకు 9 కిలోగ్రాముల గాలియే చాలును. మిశ్రమ ఇంధనమునకు సుమారు 13.5. శుద్ధమైన పెట్రోలుకు సరిచేసిన కార్బురేటరు దీనితో ఇంచుమించు 8 శాతము పలుచని మిశ్రమమును ఇచ్చును. ఆదోని వేసవి మధ్యాహ్నమున ఎండ తెచ్చు చిక్కదనము, ఇథనాలు తెచ్చు పలుచదనము చాలవరకు చెల్లుకు చెల్లు కావచ్చును. చలికాలపు తెల్లవారుజామున ఎండ వాటా తగ్గి పలుచదనము బయటపడును. అట్టి కారును ఒక ఋతువులో సరిచేసి ఏడాదంతయు మరచుటకు వీలులేదు.

పరికరములు మారినను పద్ధతి మారలేదు. ముందుగా తక్కిన కారణములను తొలగించుట, ఒకసారి ఒక్క అంశమునే మార్చుట, మార్చిన ప్రతిసారి కొలిచిచూచుట — జంట కార్బురేటర్లను సరిచేయు మేస్త్రీ పాటించు నియమములే ప్రయోగశాలలో విద్యార్థికిని నియమములు.