కండరాల జ్ఞాపకం: ఢిల్లీ తబలా నేర్పే నెమ్మది సాధన

వాద్యం నేర్చుకునేవారు తరచూ వినే మాట ‘మజిల్ మెమరీ’, అంటే కండరాల జ్ఞాపకం. పేరు అలా ఉన్నా అది నిలిచేది కండరాల్లో కాదు, మెదడులో. ఒక కదలికను పదేపదే చేస్తే మోటార్ కార్టెక్స్, బేసల్ గాంగ్లియా, సెరిబెల్లం దాన్ని అలవాటుగా మారుస్తాయి. ఇబ్బంది ఏమిటంటే, పదేపదే చేసింది తప్పైనా అలాగే స్థిరపడుతుంది. దాన్ని మాన్పించడం కొత్తగా నేర్చుకోవడం కన్నా కష్టం.

తబలా ఘరానాల్లో అతి పాతదైన ఢిల్లీ ఘరానా శిక్షణలో ఈ జాగ్రత్త కనిపిస్తుంది. 18వ శతాబ్దికి చెందిన సిద్ధార్ ఖాన్‌ను దీనికి ఆద్యుడిగా చెబుతారు. ఇందులో చూపుడువేలు, మధ్యవేలే ప్రధానం. వేలు ఎక్కడ, ఎలా పడాలన్నది మొదటే కుదరాలి. అందుకే ‘కాయదా’ను (ఈ మాటకు అర్థం నియమం) ముందు తాళం వేస్తూ నోటితో పలికిస్తారు. తర్వాత ‘ఠాహ్’ అనే నెమ్మది లయలో, ఆపై రెట్టింపు, నాలుగింతల వేగంలో వాయిస్తారు. మన సరళీ స్వరాలను మూడు కాలాల్లో సాధన చేయించేదీ ఇందుకే.

నేర్చిన కదలిక నిద్రలోనూ మెదడులో బలపడుతుంది. కాబట్టి వారానికొకసారి గంటలకొద్దీ కూర్చోవడం కన్నా రోజూ కాసేపు సాధన మేలు. వేగం పెంచగానే వేలు తడబడితే, మళ్లీ ఠాహ్‌కు రావాలి.