చెరువు కాపలా: నీరుగంటి నుంచి వానమాపకం దాకా

అనంతపురం మెట్టలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. అయినా వరద భయం ఇక్కడ పాతదే. ఏడాదిలో పడాల్సిన వానలో పెద్దభాగం నాలుగైదు రోజుల్లోనే కురిస్తే, గొలుసుకట్టు చెరువుల్లో పైచెరువు తెగిన నీరు కిందిచెరువు కట్టనూ తెంచేస్తుంది.

అందుకే కట్టను కనిపెట్టి ఉండే పని ఒకప్పుడు నీరుగంటిది. తూము తెరవడం, మూయడం, మరవ (నిండిన నీరు పొర్లే దారి) పారే తీరు చూడడం, గండి పడే సూచన కనబడితే ఊరిని లేపడం అతని బాధ్యతలు. ఈ విద్యకు బడి లేదు. కుర్రవాళ్లు పెద్దల వెంట కట్టమీద తిరిగి నేర్చుకునేవారు. మరమ్మతు చేసేవారికి దశబంధం అనే మాన్యపు భూములుండేవి. కడప సీమలోని పోరుమామిళ్ల శాసనం (1369) మంచి చెరువుకు 12 అంగాలు చెబుతూ, దోషాలనూ ఎంచింది. రాయలసీమలో జలవిద్యకు ఇంతకన్నా విలువైన పాఠం దొరకడం కష్టం.

1858లో, గండి ప్రమాదంలో ఊరివారు పనికి రావాలని మద్రాసు ప్రెసిడెన్సీకి చట్టమే వచ్చింది. వాడుకగా సాగిన పని అలా శిక్షకు లోబడిన విధి అయింది.

తర్వాతి కాలంలో పరిసరాలను, నీటిని గమనించే పని బడికీ పొలానికీ చేరింది. 2001లో జాతీయ హరితదళం బడుల్లో పర్యావరణ సంఘాలకు దారితీసింది. తర్వాత కొన్నేళ్లకు అనంతపురం సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే వానమాపకం చూసి, బావుల నీటిమట్టం కొలిచి, పంటల నీటి లెక్క గోడలమీద రాశారు. ఆ కొలతలు కరువు కోసమే. కానీ 2021 నవంబరులో చెయ్యేరు నదిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు, అదే వానలెక్క వరదకూ అవసరమని తేలింది.