హైదరాబాదు పెరటి ద్రాక్ష

ప్రతి ఫలజాతి మొక్కకును ఒక పంచాంగము కలదు. ఏ నెలలో ఆకు రాల్చవలెనో, ఎప్పుడు చిగుర్చవలెనో, ఎప్పుడు పూయవలెనో దాని పుట్టిననేల శీతోష్ణస్థితి దానికి నేర్పియుండును. మొక్కను ఒక దేశమునుండి మరియొక దేశమునకు తీసికొనిపోవుట సులభము. దాని పంచాంగమును మార్చుట కష్టము.

హైదరాబాదు నగరమునకు పడమట 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైనది. అటు పిమ్మట మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములు హైటెక్ సిటీగా, సైబరాబాదుగా పెరిగినవి. ఇక్కడి ఉద్యోగులలో అమెరికా, ఇంగ్లండు దేశములందు కొన్ని సంవత్సరములుండి వచ్చినవారు గలరు. అక్కడి పెరళ్ళలో చూచిన రాస్ప్‌బెర్రీ పొదను ఇక్కడి మిద్దెమీద తొట్టిలో పెంచవలెనని కోరుట సహజమే. రాస్ప్‌బెర్రీ గులాబి కుటుంబమునకు చెందిన పొద. సాధారణ రకములలో మొదటి యేట పెరిగిన కాడ రెండవ యేట కాచి ఎండిపోవును. కాచిన కాడను నేలమట్టమునకు కోసివేసి, క్రొత్త కాడలకు చోటు చేయుటయే ఆ పొద సంరక్షణలో ముఖ్యమైన పని. అయితే దాని మొగ్గలు నిద్ర మేల్కొనవలెనన్నచో 7 డిగ్రీల సెంటీగ్రేడునకు లోపలి చలి సుమారు 800 గంటలైనను తగులవలెను. అనగా నెలకు మించిన చలి. హైదరాబాదు బేగంపేట వాతావరణ కేంద్రములో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరి 8 నాటి 6.1 డిగ్రీలు. ఆ పొద నెలరోజులకు పైగా కోరు చలి ఈ నగరమునకు ఏ ఒక్క రాత్రియో, కొద్ది గంటలపాటు మాత్రమే తగులును. తక్కువ చలితో కాయు రకములు కొన్ని గలవు గాని, వాటికి ఇక్కడి వేసవి సరిపడదు.

అయినను, చలికాలమున ఆకు రాల్చి నిద్రించు అలవాటుగల మరియొక మొక్క ఈ నేలలోనే స్థిరపడి, ఒకప్పుడు నగరమునకు పేరు తెచ్చినది. అది ద్రాక్ష. రాస్ప్‌బెర్రీకి దొరకని శీతకాలము ద్రాక్షకు ఎట్లు దొరికినది? ఆకాశము ఇవ్వలేదు; తోటమాలి కత్తెర ఇచ్చినది. ఆ కథ తెలిసికొనదగినది.

ద్రాక్ష ప్రయాణము

ద్రాక్ష సేద్యము కాస్పియన్, నల్లసముద్రముల మధ్యగల పర్వతప్రాంతములందు మిగుల ప్రాచీనమైనది. జార్జియా దేశములో దొరికిన సుమారు 8000 ఏండ్లనాటి మట్టికుండలలో ద్రాక్షసారపు జాడలున్నట్లు శాస్త్రజ్ఞులు 2017లో ప్రకటించిరి. మన దేశములో చరకసంహిత ద్రాక్ష గుణములను పేర్కొన్నది. తెలుగు సాహిత్యశాస్త్రములో ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకము అని మూడు పాకములు చెప్పుదురు. అరటియు, కొబ్బరియు తెలుగువారి పెరళ్ళలోనివే. ద్రాక్ష మాత్రము చాలకాలము అంగడినుండి ఎండుద్రాక్షగా వచ్చిన పండు. నోటిలో వేసికొనగనే కరగు కవిత్వమునకు కవులు దానిని పోలికగా చేసికొనిరి గాని, దాని తీగను చూచినవారు అరుదు.

దక్కను పీఠభూమిలో ద్రాక్ష పెరిగిన వార్త 14వ శతాబ్దములో కనిపించుచున్నది. మొరాకో యాత్రికుడు ఇబన్ బతూతా దౌలతాబాదులో ద్రాక్ష, దానిమ్మ పండ్లు సంవత్సరమునకు రెండుమారులు కాయుచున్నవని వ్రాసెను. చలిదేశములలో ఏటికి ఒక్కసారి మాత్రమే కాయు తీగ ఇక్కడ రెండుసార్లు కాచినది! ఈ చిన్న వాక్యములోనే దక్కను ద్రాక్ష రహస్యమంతయు ఇమిడియున్నది. ఇక్కడ తీగకు నిద్రలేదు. కోసినప్పుడెల్ల మరల చిగుర్చును.

దౌలతాబాదు తరువాతి కాలములో నిజాముల రాజ్యములోనికి వచ్చినది. హైదరాబాదు నగరములో ద్రాక్ష తొలుత ప్రభువుల, సంపన్నుల ఉద్యానవనములలో పందిళ్ళమీద అలంకారముగా పెరిగినది. అట్టి తోటలలో ఒకటి అబ్దుల్ బాకర్ ఖాన్ గారిది. ఆ తోటనుండి వ్యాపించిన రకమే అనాబ్-ఎ-షాహీ. అరబ్బీ భాషలో ఇనబ్ అనగా ద్రాక్ష. షాహీ అనగా రాజసమైనది. పొడవుగా, పెద్దవిగా, లేత పసుపు ఛాయతో, గింజలతో ఉండు ఈ పండ్ల గుత్తులు చూడ ముచ్చటగొలుపును. తీగ చాల బలమైనది. 1950 తరువాత దీనిని రైతులు పొలములలో నాటనారంభించిరి. రాతికంబములు పాతి, ఇనుపతీగలు అల్లి, తలకెత్తు పందిళ్ళు వేసిరి. హెక్టారునకు 30 టన్నులకు పైగా దిగుబడి వచ్చిన తోటలనేకములు. ఇంటి పెరటిలోని అలంకారపు తీగ ఒక వ్యవసాయముగా మారినది.

ఒకే మొగ్గ, రెండు దారులు

ఈ విజయమునకు మూలమైన విషయము తీగ కణుపులలో ఉన్నది. ద్రాక్ష ముదురు కొమ్మమీద నేరుగా కాయదు. గడచిన ఋతువులో ముదిరిన కొమ్మపై నున్న కన్ను పగిలి, అందుండి వచ్చు క్రొత్త చిగురు మీద గుత్తి వేయును. కనుక ఈ యేటి పంట క్రిందటి ఋతువులోనే, కంటికి కనబడని మొగ్గలో నిర్ణయమగును.

ఆ మొగ్గలో మొదట ఏర్పడు అతి సూక్ష్మమైన అంకురము గుత్తియు కాదు, నులితీగయు కాదు. దానికి తగినంత వెలుతురు, వెచ్చదనము, ఆహారము దొరికినచో పూగుత్తిగా చీలును. నీడలోనో, మబ్బులోనో, ఆకలితోనో ఉన్నచో నులితీగగా మారిపోవును. పందిరిని పట్టుకొని ప్రాకు నులితీగయు, నోరూరించు పండ్లగుత్తియు ఒకే పుట్టుక గలవని వృక్షశాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినితో మొగ్గలను కోసి చూచి స్థిరపరచిరి. గుత్తిమీద ఒక్కొక్కప్పుడు చిన్న నులితీగ వేలాడుట గమనించినవారికి ఈ బంధుత్వము కంటికే కనబడును.

చలిదేశములలో తీగ శీతకాలమున ఆకులన్నియు రాల్చును. అప్పుడొకసారి కత్తిరించిన చాలును. ఢిల్లీ, పంజాబు ప్రాంతములలో కూడ జనవరిలో ఒక్కమారే కత్తిరింతురు. హైదరాబాదులో తీగ ఏడాది పొడుగునను పచ్చగా నుండును. కత్తిరింపక వదలినచో కొనలు మాత్రమే పందిరి దాటి పొడుగు సాగును. వెనుకటి కన్నులు నిద్రలోనే ఉండిపోవును. కాపు నానాటికి తగ్గి, తుదకు ఆకులపందిరి మాత్రమే మిగులును. పెరటి ద్రాక్ష కాయుటలేదని విచారించువారి ఇండ్లలో సాధారణముగా జరుగునది ఇదియే.

రెండు కత్తిరింపులు

దక్కను తోటమాలులు అనుభవముచేత ఈ చిక్కునకు ఒక పరిష్కారము కనుగొనిరి. మహారాష్ట్రలోని నాసిక్ ప్రాంతమునందును ఈ పద్ధతియే స్థిరపడినది. దీనిలో సంవత్సరమునకు కత్తిరింపులు రెండు, పంట ఒకటి.

మొదటి కత్తిరింపు కోత ముగిసిన పిమ్మట, సుమారు ఏప్రిల్ నెలలో జరుగును. కొమ్మలన్నిటిని ఒకటి రెండు కన్నులు మాత్రము మిగుల్చి కురుచగా కోసివేయుదురు. పందిరి బోడియగును. క్రొత్తగా చూచువారికి ఇది క్రూరమైన పనిగా తోచును. కాని కొద్ది దినములలోనే చిగుళ్ళు బయలుదేరి, ఏప్రిల్, మే నెలల తీక్ష్ణమైన ఎండలో పెరుగును. కత్తిరించిన నాటినుండి సుమారు 40 మొదలు 60 దినముల నడుమ వీటి మొగ్గలలో గుత్తియా, నులితీగయా అను తీర్పు జరుగును. మనుష్యులు వడగాడ్పులకు ఇండ్లలో దాగికొను దినములే ద్రాక్షకు మేలుచేయు దినములు. వానమబ్బులు ముందుగా క్రమ్మినచో మరుసటి పంట తగ్గును. ఈ చిగుళ్ళమీద అప్పుడే కనబడు గుత్తులను త్రుంచివేయవలెను. వానలలో పండిన ద్రాక్ష పులుపెక్కి, కుళ్ళి చెడిపోవును. ఇబన్ బతూతా చూచిన రెండు పంటలలో ఒకదానిని, మేలైన పంటకొరకు, తోటమాలి ఈ విధముగా తానే విడిచిపెట్టును.

రెండవ కత్తిరింపు వానలు వెనుకపట్టిన తరువాత, సుమారు అక్టోబరులో జరుగును. అప్పటికి కొమ్మలు ముదిరి గోధుమవన్నెకు తిరిగియుండును. అనాబ్-ఎ-షాహీలో గుత్తిగల మొగ్గలు కొమ్మ మొదటికి దగ్గరగా నుండుటచే అయిదారు కన్నులుంచి కోయుదురు. గింజలేని థాంప్సన్ రకములో అవి కొనవైపున ఉండుటచే పది, పండ్రెండు కన్నులుంచవలెను. ఒక రకపు కొలతను మరియొక రకమునకు వర్తింపజేసినచో గుత్తులన్నియు కత్తెరకే బలియగును. ఈ కత్తిరింపే తీగకు ఇక్కడ శీతకాలము వంటిది. ఆకు రాలి, కన్నులు ఒక్కసారిగా మేల్కొనును. చల్లని, పొడి వాతావరణములో గుత్తులు పెరిగి ఫిబ్రవరి, మార్చి నెలలకు పండును.

వాన, బూజు, నీలిమందు

హైదరాబాదు వానలలో అధికభాగము జూను, సెప్టెంబరు నెలల నడుమ కురియును. ఆ తేమలో ఆకుల అడుగున తెల్లని బూజు తెగులు పుట్టును. అనాబ్-ఎ-షాహీ ఈ తెగులునకు సులభముగా లొంగును. దీనికి మందు ఫ్రాన్సు దేశపు బోర్డో ప్రాంతములో కనుగొనబడినది. త్రోవ ప్రక్కనున్న తీగల పండ్లను బాటసారులు కోయకుండ రైతులు మైలుతుత్తము, సున్నము కలిపి చల్లెడివారు. ఆ తీగలకు మాత్రము తెగులు సోకకుండుట మిలార్డే అను వృక్షశాస్త్రజ్ఞుడు గమనించి, పరీక్షలు జరిపి, 1885లో ప్రకటించెను. అదియే బోర్డో మిశ్రమము.

దీనిని పాఠశాలలో ఉపాధ్యాయుల సమక్షమున తయారుచేయవచ్చును. ప్లాస్టిక్ పాత్రలో 5 లీటర్ల నీటిలో 100 గ్రాముల మైలుతుత్తమును, వేరొక పాత్రలో 5 లీటర్ల నీటిలో 100 గ్రాముల సున్నమును కలిపి, రెంటిని మూడవ పాత్రలోనికి పోయుచు కలియబెట్టవలెను. మెరుగుపెట్టిన ఇనుపకత్తిని అందులో కొంచెముసేపు ముంచి తీసినప్పుడు ఎర్రని రాగిపూత కనబడినచో సున్నము చాలలేదని గుర్తు. ఇనుము రాగిని దాని లవణమునుండి వెడలగొట్టునను రసాయనపాఠము ఇక్కడ తోటపనికి అక్కరకు వచ్చుచున్నది. పండుచున్న గుత్తులమీద ఈ మందును చల్లరాదు.

తోటలు పోయిన తరువాత

రాజేంద్రనగరులో 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయము ఏర్పడినది. అక్కడి ద్రాక్ష పరిశోధనా స్థానము రకములను సేకరించి పరీక్షించినది. నేడది తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయము క్రింద పనిచేయుచున్నది. సైబరాబాదు ప్రాంతమును చేర్చుకొనియున్న రంగారెడ్డి జిల్లా ద్రాక్షతోటలకు ప్రసిద్ధి కెక్కినది. కాని భూగర్భజలము అడుగంటినది, బావులు ఎండినవి, తెగుళ్ళ మందుల ఖర్చు పెరిగినది. గింజలేని రకములతో నాసిక్, సాంగ్లీ, సోలాపూరు రైతులు ముందునకు సాగిరి. అన్నిటికంటె ముఖ్యముగా నగరము పెరిగి, భూమి వెల ఏ పంటయు తీర్చలేనంతగా హెచ్చినది. ద్రాక్ష పందిళ్ళున్న నేలలనేకము ఇండ్ల స్థలములైనవి.

తోట పోయినప్పుడు తీగకంటె విలువైనది పోవు ప్రమాదము కలదు. ఏ కన్ను వద్ద కోయవలెనో చూపగల చేతులు అరుదగుచున్నవి. తీగ ఏ నర్సరీలోనైనను దొరకును. ఏప్రిల్, అక్టోబరు కత్తిరింపుల నేర్పు అంగడిలో దొరకదు. అది పెరటిలోనే నేర్వదగినది.

పెరటిలో ఒక తీగకు స్థలమెక్కువ అక్కరలేదు. అక్టోబరులో కోసిన పెన్సిలు మందపు ముదురు కొమ్మనుండి మూడు నాలుగు కన్నులుగల ముక్కను తీసికొని నాటిన వేరుపట్టును. నిలువు, వెడల్పు, లోతు 75 సెంటీమీటర్లుండు గోతిలో ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు నింపవలెను. నీరు నిలువరాదు. మిద్దెమీదనైనచో అడుగున రంధ్రములుగల పెద్ద డ్రమ్ము కావలెను. ఎత్తైన భవనముల నీడ పడుచోట నాటరాదు; నీడలోని మొగ్గ నులితీగ యగునని పైన చెప్పబడినది. ఒకే కాండమును కర్రకు కట్టి పందిరికి ఎక్కించి, అక్కడ కొన త్రుంచి, రెండు చేతులుగా సాగనీయవలెను. కాయలు రంగు తిరుగునప్పుడు నీరు తగ్గింపవలెను. కోసిన తరువాత ద్రాక్ష మామిడివలె మాగదు. కనుక రుచి చూచి, తీగమీద పండిన పిమ్మటనే కోయవలెను.

పాఠశాల ఆవరణలో రెండు తీగలు నాటి, ఒకదానిని రెండుమారులు కత్తిరించి, రెండవదానిని వదలిపెట్టి, గుత్తులను, నులితీగలను లెక్కించి వ్రాసికొనినచో రెండు మూడు సంవత్సరములలో విద్యార్థులు ఈ చరిత్రనంతయు తమ కండ్లతోనే చదువుకొనగలరు. చలిలేని ఊరిలో చలిదేశపు తీగ కాయుట అద్భుతము కాదు. మొక్క పంచాంగమును ఓపికతో చదివి, అందులో రెండు దినములను మాత్రము తమ చేతితో దిద్దిన తోటమాలుల బుద్ధిబలము అది.