పదిహేను నిమిషాలు, ఒక ప్రశ్న



ఈ వారం మన ప్రాంతపు చరిత్రలోంచి ఒక సంగతి జ్ఞాపకం చేసుకుందాం. ఇది రేడియో సంగతి. కానీ చివరికి మన మందిరం దాకా వస్తుంది, కాస్త ఓపికగా చదవండి.

మన సంఘంలో అరవై దాటినవారిని అడిగి చూడండి. 1970లలో ఆదివారం ఆరాధన ముగించుకుని కాలువ గట్టు వెంట ఇంటికి నడుస్తుంటే, దారిపొడుగునా ఒకటే గొంతు వినబడేదని చెబుతారు. ఒక అరుగు దగ్గర విన్న మాటకు తరువాయి పక్క అరుగు దగ్గర వినవచ్చు. ఇంట్లో రేడియో లేనివాళ్లు ఉన్నవాళ్ల గుమ్మం దగ్గర నిలబడేవారు. ఆ గొంతు ఉషశ్రీ గారిది. విజయవాడ ఆకాశవాణిలో రామాయణ భారతాలు చెప్పిన మనిషి.

ఆ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అంతకు ముందు రేడియోలో తెలుగు మాట వినాలంటే 1938లో పెట్టిన మద్రాసు కేంద్రమే చాలామందికి దిక్కు. విజయవాడలో కేంద్రం వచ్చాక మన డెల్టా పల్లెలకు రేడియో దగ్గరి చుట్టమైంది. పొలం కబురు, పాట, నాటకం, వార్తలు అన్నీ అందులోనే.

ఉషశ్రీ అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు. 1928లో పశ్చిమ గోదావరి జిల్లా కాకరపర్రులో పుట్టారు, 1990లో కన్నుమూశారు. రామాయణ భారతాలు చెప్పడంతో ఆయన ఆగలేదు. బాలాంత్రపు రజనీకాంతరావు గారు విజయవాడ కేంద్రానికి పెద్దగా ఉన్న కాలంలో ‘ధర్మసందేహాలు’ అనే కార్యక్రమం మొదలైంది. శ్రోతలు ఉత్తరాల్లో తమ సందేహం అడిగేవారు, ఉషశ్రీ రేడియోలో జవాబు చెప్పేవారు. పండితుడి ఎదుట నోరు తెరవడానికి జంకే మనిషి కూడా ఒక కార్డు ముక్క మీద నాలుగు మాటలు రాయగలడు. ఇంటి అరుగు మీద కూర్చునే జవాబు వినగలడు. తన సందేహమే ఊరందరిదీ అని అప్పుడు తెలుస్తుంది.

ఆయన చెప్పిన ధర్మం వేరు, మనం నమ్మినది వేరు. ఆ తేడాను దాచనక్కరలేదు. కానీ ఆయన పద్ధతి దగ్గర మనం నేర్చుకోవలసినది ఉంది. ఆ కార్యక్రమంలో ముందు నడిచేది అడిగేవాడి ప్రశ్న. పండితుడి మాట దాని వెనక వస్తుంది.

ఇటువంటిదే అంతకు ముప్పయ్యేళ్ల క్రితం ఇంగ్లండులోనూ జరిగింది. 1941లో యుద్ధం మధ్య, బాంబులు చూసిన ఊళ్ల ప్రజలకు విశ్వాసం గురించి మామూలు మాటల్లో చెప్పేవారు కావాలని బీబీసీ వెతికింది. ఆక్స్‌ఫర్డ్‌లో సాహిత్యం చెప్పే సి. ఎస్. లూయిస్‌ను పిలిచింది. ఆయన పాస్టరు కాదు. ఒకప్పుడు దేవుడు లేడన్న మనిషి. ఆగస్టు నెలలో వారానికొక ప్రసంగం, ఒక్కొక్కటి పదిహేను నిమిషాలు. నాలుగు ప్రసంగాలు అనుకున్నారు. ఉత్తరాలు ఎంతగా వచ్చాయంటే, ఆ ప్రశ్నలకు జవాబు చెప్పడానికే ఐదోది పెట్టవలసి వచ్చింది. తరువాతి సంవత్సరాల్లో మరికొన్ని ప్రసంగాలు చేశారు. అన్నీ కలిపి 1952లో ‘మియర్ క్రిస్టియానిటీ’ అనే పుస్తకంగా వచ్చాయి.

ఆయన మొదటి ప్రసంగం పెద్ద సిద్ధాంతంతో మొదలవలేదు. ఇద్దరు మనుషుల తగవుతో మొదలైంది. దాన్ని మన ఊరి మాటల్లో చూద్దాం. శివారు రైతు పైరైతును నిలదీస్తాడు: మా వంతు నీళ్లు మీరెలా తిప్పుకున్నారు? పైరైతు ఏమంటాడు? న్యాయమనేదే లేదు పొమ్మంటాడా? అనడు. “నిన్న మా వంతు తప్పిపోయింది, అందుకే తిప్పాను” అంటాడు. అంటే న్యాయమనేది ఒకటుందని తప్పు చేసినవాడూ ఒప్పుకుంటున్నాడు. లేకపోతే సాకు చెప్పవలసిన పనేముంది? ఇద్దరికీ తెలిసిన ఈ న్యాయం ఎక్కడి నుంచి వచ్చింది? తత్వశాస్త్రంలో గ్రంథాలకు గ్రంథాలు నిండిన ప్రశ్న ఇది. బోదె దగ్గర నిలబడిన మనిషికి రెండు నిమిషాల్లో అర్థమవుతుంది.

మరో సంగతి. మన విజయవాడ కేంద్రం పుట్టిన ఆ 1948లోనే, జనవరి 28న, బీబీసీ ఒక సంభాషణ వినిపించింది. ఒకవైపు యేసుసభ గురువు కోప్ల్‌స్టన్, ఇంకొకవైపు దేవుడున్నాడని ఒప్పుకోని తత్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్. లోకంలో ప్రతిదీ ఇంకొకదాని మీద ఆధారపడి ఉంది కాబట్టి, దేనిమీదా ఆధారపడని ఆధారం ఒకటుండాలి అని గురువు వాదన. లోకం మొత్తానికి కారణం అడగడమే కుదరదు, అది ఉంది, అంతే, అని రస్సెల్ వాదన. ఎవరూ ఓడిపోలేదు, ఎవరూ తిట్టుకోలేదు. విన్నవారు తామే ఆలోచించుకున్నారు.

మన గడ్డ మీద కూడా ఇటువంటి మర్యాద ఉంది. విజయవాడ పటమటలో నాస్తిక కేంద్రం నడిపిన గోరా గారు గాంధీ గారి దగ్గరకు వెళ్లి దేవుడి విషయం ముఖాముఖి మాట్లాడారు. ఆ సంభాషణలు 1951లో పుస్తకమయ్యాయి. ప్రార్థన లేనిదే రోజు గడవని మనిషి, దేవుడు లేడనే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని విన్నాడు.

ఇప్పుడు మా సంగతి ఒకటి ఒప్పుకోవాలి.

పాతికేళ్ల క్రితం మేము ఈ సంఘానికి కొత్తగా వచ్చినప్పుడు, ఆరాధన అయ్యాక ఒక తల్లి మా దగ్గరకు వచ్చింది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో ఇద్దరు పిల్లలను పోగొట్టుకున్న తల్లి. “అయ్యగారూ, నా చేతిలో ఉన్న పిల్లను నీళ్లు లాక్కుపోయాయి. దేవుడు చూస్తూనే ఉన్నాడా?” అని అడిగింది. అప్పుడు మాకు వయసు తక్కువ, నోరు ఎక్కువ. ఇటువంటి ప్రశ్నలు అవిశ్వాసంలోంచి వస్తాయమ్మా, ప్రార్థన చేసుకో అన్నాము. ఆమె తల వంచుకుని వెళ్లిపోయింది. ఆ తరువాత ఒక్క ఆదివారం కూడా మానలేదు. వెనక గోడకు ఆనుకుని కూర్చునేది. మళ్లీ ఎన్నడూ మమ్మల్ని ఏమీ అడగలేదు.

పోయిన సంవత్సరం ఆమెను సమాధి చేశాము. అందరూ వెళ్లాక ఆమె కూతురు, “అమ్మ ఒకసారి మిమ్మల్ని ఒక మాట అడిగిందటండీ” అంది. అంతకు మించి ఏమీ అనలేదు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ఆ ప్రశ్నకు జవాబు మాకు ఈనాటికీ తెలియదు. కానీ ఆ రోజు చాప మీద కూర్చుని పదిహేను నిమిషాలు వినడానికి జవాబు తెలియనక్కరలేదు. ప్రభువు పన్నెండేళ్ల వయసులో దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వింటూ, ప్రశ్నలడుగుతూ ఉన్నాడని లూకా సువార్తలో చదువుతాం. రాత్రివేళ సందేహంతో వచ్చిన నీకొదేమును ఆయన వెనక్కి పంపలేదు. మనకున్నన్ని మైకులు ఆయనకు లేవు. వినే ఓపిక మాత్రం ఉంది.

అందుకే ఈ మధ్య ఒక చిన్న పని మొదలుపెట్టాము. మీలో కొందరు విన్నారు కూడా. వారానికొక ప్రశ్న, ఫోనులో రికార్డు చేసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాము. అడిగేది ఊళ్లో రిటైరైన సైన్సు మాస్టారు. ఆయన మందిరానికి రారు, అయినా మా వరండాలో టీ తాగుతూ మమ్మల్ని వదలకుండా అడుగుతారు. ఇదేమీ కొత్త సంగతి కాదు. 2007 నుంచి ఇంగ్లండులో డేవిడ్ ఎడ్మండ్స్, నైజెల్ వార్‌బర్టన్ అనే ఇద్దరు ‘ఫిలాసఫీ బైట్స్’ పేరుతో ఒక్కో తత్వవేత్తతో ఒక్కో విషయం మీద చిన్న సంభాషణలు రికార్డు చేసి ఇంటర్నెట్‌లో వినిపించారు. వాళ్లు పెట్టుకున్న నియమమే మాదీ: ఒక విషయం, తక్కువ సమయం, అర్థం కాకపోతే మళ్లీ అడగడం. మొదటిసారి మేము నలభై నిమిషాలు మాట్లాడాము. “అది ప్రసంగమండీ, జవాబు కాదు” అన్నారు మాస్టారు. తుడిచేసి మళ్లీ చెప్పాము.

వచ్చే వారం ప్రశ్న ఆ తల్లిది. ఆమె కూతురు అనుమతి ఇచ్చింది. మేము జవాబు చెబుతామని మాట ఇవ్వలేము. ఆ ప్రశ్నను మాత్రం ఈసారి చివరిదాకా వింటాము.

మీ ప్రశ్న ఉంటే ఒక చీటీ మీద రాసి కానుకల సంచిలో వేయండి. పేరు రాయనక్కరలేదు.

ప్రభువు మనకు వినే చెవులు దయచేయును గాక. ఆమేన్.